ముఖం చూసి పట్టిన దొంగ

నంద్యాలలో బ్యాంకు కోచింగ్ సెంటర్ల వీధిలో ఆడపిల్లల హాస్టల్ నడిపే భ్రమరాంబకు, ముఖం చూసి దొంగను పట్టేస్తాననే ధీమా ఒకటి ఉండేది. ఆ ధీమా ఊరికే రాలేదు. రెండో గుడ్డు తిన్న పిల్లను పెదవుల కదలిక చూసి పట్టేది. గీజర్ ఆపకుండా వచ్చిన పిల్లను నడక చూసి చెప్పేది. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆమె మాట నిజమయ్యేది. మిగతా రెండుసార్ల గురించి ఎవరూ గుర్తు చేసేవాళ్ళు కాదు. సాంబారు గరిటె ఆమె చేతిలో ఉండేది కదా.

హాస్టల్లో ఇరవై ఇద్దరు ఉండేవారు. అందరూ బ్యాంకు ఉద్యోగాలకు చదివేవాళ్ళే. పొద్దున టిఫిన్ తిని కోచింగ్‌కు పోతే మధ్యాహ్నం దాకా తిరిగి వచ్చేవాళ్ళు కాదు. ఆన్‌లైన్‌లో ఏం తెప్పించుకున్నా అందుకోవడానికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. అందుకని భ్రమరాంబ ఒక పద్ధతి పెట్టింది. హాస్టల్ మొత్తానికీ షాపింగ్ ఖాతా ఒకటే, అది ఆమె ఫోన్‌లో ఉండేది. ఆ ఫోన్ పగలంతా భోజనాల గదిలో ఫ్రిజ్ మీద ఉండేది. కావలసిన పిల్ల ఫోన్ తీసి, కావలసింది ఆర్డర్ పెట్టుకుని, పక్కనున్న బిస్కెట్ల డబ్బాలో డబ్బులూ తన పేరు రాసిన చీటీ కూడా వేయాలి. యాప్ వాలెట్‌లో భ్రమరాంబ నెలనెలా ముందే డబ్బు నింపి ఉంచేది కాబట్టి ఆర్డర్ పెట్టడం నిమిషం పని.

పార్సిల్ వచ్చాక జరిగే తంతు ఇంకా బాగుండేది. డెలివరీ అబ్బాయి కింద గేటు దగ్గర నిలబడి "ఓటీపీ" అని కేక వేసేవాడు. మోకాళ్ళ నొప్పులున్న భ్రమరాంబ మెట్లు దిగేది కాదు. పై వరండాలోకి వచ్చి, ఫోన్‌ను చేయి చాచినంత దూరం పెట్టుకుని, అంకెలు వీధి చివరి దాకా వినిపించేలా చదివేది. ఎదురింటివాళ్ళ చిలుక మాటలు మానేసి అంకెలు నేర్చుకుందని పిల్లలు చెప్పుకునేవారు.

ఒక సోమవారం టిఫిన్ల వేళ ఆ ఫోన్ టింగుమంది. 'మీ స్మార్ట్ వాచ్ బయలుదేరింది' అని మెసేజ్. భ్రమరాంబ బిస్కెట్ల డబ్బా మూత తీసి చూసింది. అందులో చీటీ లేదు, డబ్బులూ లేవు. డబ్బా తిరగేసి అడుగున తట్టింది. బిస్కెట్ పొడి రాలింది.

"మాబున్నీ, వాచీ ఎవరు పెట్టారే?" అని వంటమనిషిని అడిగింది.

మాబున్ని ఎనిమిదేళ్ళుగా ఆ వంటింట్లోనే ఉంది. దోసె తిరగేస్తూనే, "నాకు టైం చూసేకే తీరదు, ఇంక వాచీ ఏం కొంటానక్కా?" అంది.

"నిన్నెవరన్నారు? పిల్లల్లో ఎవరో."

"అయితే ఆ యాప్ వాళ్ళకు ఫోన్ చేసి అడుగు. ముందు ఆ ఖాతాకు తాళమేదో ఉంటాదంట కదా, పాస్‌వర్డో ఏందో, అది మార్చు."

భ్రమరాంబ నవ్వింది. "పిచ్చిదానా, తాళం మారిస్తే దొంగ జాగ్రత్త పడుతుంది. పట్టుకోవాలంటే తలుపు తెరిచే ఉంచాలి. రెండు రోజులు చూడు, ముఖం చూసి చెప్తా."

మంగళవారం జుట్టు సాపు చేసే యంత్రం ఒకటి బయలుదేరింది. డబ్బాలో మళ్ళీ చీటీ లేదు. ఆ మధ్యాహ్నం కోచింగ్ నుంచి వచ్చిన ఇరవై రెండు తలలనూ భ్రమరాంబ మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కటే పరిశీలించింది. ఎవరి జుట్టూ నిన్నటికన్నా సాపుగా లేదు. అందరికన్నా వెనక నాగవేణి వచ్చింది. ఆ పిల్లకు నోరు ఎక్కువ, జుట్టు ఇంకా ఎక్కువ. ఉంగరాలు తిరిగి, దువ్వెన పెడితే అందులోనే చిక్కుకుపోయే జుట్టు.

"ఏంటాంటీ, పేలు చూస్తున్నారా?" అంది నాగవేణి.

"నీ పని నువ్వు చూసుకో."

"చూసుకుంటాను గాని, మీరు నా తల దగ్గర ఆగలేదేం? నాకు చిన్నతనంగా ఉంది."

భ్రమరాంబకు నవ్వు వచ్చింది కాని నవ్వలేదు. దొంగ దొరికేదాకా నవ్వకూడదని నిర్ణయించుకుంది. ఏం పోయిందో కూడా ఎవరికీ చెప్పకూడదనుకుంది. చెబితే దొంగ ముఖం సర్దుకుంటుందని ఆమె భయం.

బుధవారం ఒకటో తారీకు. నెల సరుకులు తెప్పించే రోజు. అలవాటు ప్రకారం భ్రమరాంబ వాలెట్‌లో నెల డబ్బంతా నింపింది. తలుపు తెరిచి ఉంచడమే కాదు, లోపల దొంగకు విస్తరి కూడా వేసిందన్న మాట. దొంగ పీట వేసుకుని కూర్చున్నట్టుంది, ఆ రోజే వైర్లు లేని ఇయర్‌ఫోన్లు బయలుదేరాయి. గురువారం ఖరీదైన చెప్పుల జత బయలుదేరింది.

ఇక భ్రమరాంబకు కాలు నిలవలేదు. పార్సిల్ ఎప్పుడో ఒకప్పుడు గేటుకు రావాలి, వచ్చినప్పుడు ఎవరు అందుకుంటారో చూడాలి. బండి చప్పుడు వినిపిస్తే చాలు, మోకాళ్ళ సంగతి మరిచిపోయి మెట్లు దిగేది. గ్యాస్ బండి వచ్చింది. పెరుగు ప్యాకెట్ల బండి వచ్చింది. ఎదురింటి చిలుకకు జామకాయలు తెచ్చిన పెద్దాయన వచ్చాడు. పార్సిల్ మాత్రం రాలేదు. నాలుగు వస్తువులు బయలుదేరాయి, ఒక్కటీ చేరలేదు. ఆ సంగతే ఆమెకు ఏదో చెప్పి ఉండాల్సింది. కాని ఆమె బుర్ర నిండా ముఖాలే ఉన్నాయి. మధ్యలోనే ఎవరో సందు చివర కాపు కాసి అందుకుంటున్నారనుకుంది. పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. మూడోసారి వేయబోతే మాబున్ని చేయి పట్టుకుంది.

"అక్కా, కూర్చో. నువ్వు తిరుగుతాంటే నాకు కళ్ళు తిరుగుతాండాయి. ఫోన్ చేయరాదా వాళ్ళకు?"

"రేపు తేలుస్తా" అంది భ్రమరాంబ.

శుక్రవారం పొద్దున మాబున్ని పిండి మరకు వెళ్ళిన సమయంలో, టిఫిన్ తినే పిల్లలందరినీ భ్రమరాంబ కంచాలు కింద పెట్టించి గోడవారన నిలబెట్టింది.

"ఈ హాస్టల్లో నాకు తెలియకుండా ఒకరు ఒక పని చేస్తున్నారు" అంది. "అదేమిటో వాళ్ళకు తెలుసు, నాకు తెలుసు."

"మాక్కూడా చెబితే మేమూ ఆశ్చర్యపోతాం ఆంటీ" అంది నాగవేణి.

"నేను చెప్పను. చేసిన ముఖమే చెబుతుంది."

ఆమె వరస మొదటి నుంచి నడవసాగింది. ఒక్కొక్క ముఖం దగ్గరా ఆగింది. నాగవేణి దగ్గర ఆగి, "నీది కాదు, శుభ్రంగా ఉంది" అంది.

"కొత్త సబ్బు ఆంటీ."

వరస చివర మద్దిలేటమ్మ ఉంది. కోవెలకుంట్ల అవతలి పల్లె నుంచి వచ్చిన పిల్ల. ఎవరైనా గట్టిగా దగ్గినా ఉలిక్కిపడేది. ఆదివారం కర్నూలులో ఆమెకు బ్యాంకు మెయిన్స్ పరీక్ష ఉంది. అప్పటికి రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరుసారి, ఈసారి రాకపోతే పుస్తకాలు కట్టేసి ఇంటికి రమ్మని వాళ్ళ నాన్న చెప్పాడు. ఆ సంగతి హాస్టల్లో అందరికీ తెలుసు. భ్రమరాంబకూ తెలుసు.

మద్దిలేటమ్మ నుదురు చెమటతో తడిసిపోయింది. చూపు కంచం మీది నుంచి లేవలేదు.

"మద్దిలేటమ్మా, ఇటు చూడు."

ఆ పిల్ల చూడలేకపోయింది.

"నువ్వేనా?"

"నేనే ఆంటీ" అంది మద్దిలేటమ్మ. "తప్పయింది."

గోడవారనున్న పిల్లలంతా ఆమె వైపు తిరిగారు. భ్రమరాంబ ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

"ఎప్పటినుంచి?"

"సోమవారం నుంచి."

"ఎన్నిసార్లు?"

"నాలుగైదుసార్లు."

"ఎందుకు చేశావు?"

"ఆశ పుట్టిందాంటీ. ఆగలేకపోయాను."

భ్రమరాంబ అందరి వైపూ తిరిగి, "చూశారా, నేను ఒక్క మాట బయట పెట్టానా?" అంది. తర్వాత మద్దిలేటమ్మతో, "నీలాంటి దొంగకు నా హాస్టల్లో చోటు లేదు. ఇప్పుడే గది ఖాళీ చేసి ఇంటికి పో. మీ నాన్నకు నువ్వే చెప్పుకో" అంది.

"ఆంటీ, ఎల్లుండి తన పరీక్ష" అంది నాగవేణి. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు.

"అది ముందే ఆలోచించుకోవాల్సింది."

మద్దిలేటమ్మ కంచం కడిగి, బోర్లించి, పైకి వెళ్ళింది. పావుగంటలో ఒక సంచీతో దిగి, ఎవరి వైపూ చూడకుండా గేటు దాటింది. మిగతా పిల్లలు సగం టిఫిన్ వదిలేసి కోచింగ్‌కు పోయారు. నాగవేణి మాత్రం పోలేదు. తల నొప్పి అని చెప్పి, భోజనాల గదిలోనే కూర్చుని భ్రమరాంబను చూడసాగింది.

దొంగ దొరికిన రోజు మనిషికి కుదురుగా ఉండాలి. భ్రమరాంబకు అలా లేదు. కూర్చుంది, లేచింది. తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది. "ఏంటలా చూస్తావు?" అని నాగవేణిని కసిరింది. ఇంకా ఏదో అనబోతుంటే ఫ్రిజ్ మీద ఫోన్ టింగుమంది. 'మీ హ్యాండ్‌బ్యాగ్ ఆర్డర్ అందింది.'

"చూడు, చూడు" అంది భ్రమరాంబ. "పోతూ పోతూ బస్సులో కూర్చుని కూడా కొంటోంది."

"ఎవరు?"

"ఇంకెవరు, మద్దిలేటమ్మ. వారం నుంచి నా ఖాతాలో వాచీలూ చెప్పులూ కొంటోంది కదా. పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని తన ఫోన్‌లోంచి నొక్కుతున్నట్టుంది."

నాగవేణి లేచి నిలబడింది. "ఆంటీ, మద్దిలేటమ్మది బటన్ల ఫోన్. చదువు పాడవుతుందని స్మార్ట్ ఫోన్ మూడు నెలల కిందటే ఇంట్లో ఇచ్చేసి వచ్చింది. దాంట్లో పాము ఆట ఆడుకోవచ్చు, బ్యాగులు కొనలేం."

"మరి ఒప్పుకుందిగా."

"ఏం ఒప్పుకుంది?"

"తప్పు చేశానంది."

"ఏ తప్పని అడిగారా?"

భ్రమరాంబ చేతిలోని గుడ్డను బల్ల మీద పెట్టింది. ఆమె అడగలేదు. అడగకపోవడమే ఆమె గొప్ప.

"సరే, ఆ ఆర్డర్లు ఎవరి పేరున, ఏ ఊరికి పోతున్నాయో లోపల చూశారా?"

"లోపలంటే?"

నాగవేణి ఫోన్ అందుకుని రెండుసార్లు నొక్కి, భ్రమరాంబ ముందు పెట్టింది. ఐదు ఆర్డర్లూ వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదాని కిందా చిరునామా ఉంది. నంద్యాల కాదు, కర్నూలు జిల్లా కాదు, అసలు తెలుగు నేలే కాదు. వీళ్ళెన్నడూ వినని ఊరు, వీళ్ళెన్నడూ వినని మనిషి పేరు. మొదటి మూడూ అక్కడ చేరిపోయినట్టు పచ్చ రంగులో రాసి ఉంది. సోమవారం పొద్దున ఆ తెర మీద ఒక్క వేలు పెట్టి ఉంటే, ఆమె ఎవరి ముఖమూ చూడాల్సిన పని ఉండేది కాదు.

భ్రమరాంబ చెప్పులు వేసుకోవడం మరిచిపోయి గేటు దాకా పోయి, వెనక్కి వచ్చి వేసుకుంది. "బస్సు వెళ్ళిపోతుంది. పద, పద."

"ముందు ఖాతాకు తాళం వేద్దాం ఆంటీ."

"ఆ పిల్ల పోతుందే."

"రెండూ చేద్దాం. ఆటోలో కూర్చుని చేద్దాం."

ఆటోలో నాగవేణి యాప్ లోపలున్న సహాయం నంబరు వెతికి పట్టుకుంది. "నెట్‌లో ఎక్కడపడితే అక్కడ దొరికే నంబరుకు చేయకూడదాంటీ, దాన్ని ఎత్తేది ఇంకో దొంగ కావచ్చు" అని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి భ్రమరాంబ చేతికిచ్చింది. అవతల పాట మోగసాగింది. సంజీవనగర్ గేటు దగ్గర రైలు కోసం ఆటో ఆగినప్పుడు కూడా ఆ పాటే మోగుతోంది. భ్రమరాంబ ఆటో కమ్మీని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, "ఇంతసేపు పాటలేందే, నేనేమన్నా రేడియోకు ఫోన్ చేశానా?" అంది.

చివరికి ఒక అమ్మాయి పలికింది. వివరాలు విని, ఖాతా చూసి, "మేడం, పోయిన శనివారం పొద్దున పదకొండు గంటలకు మీ ఖాతాను కొత్త ఫోన్‌లో తెరిచారు. అందుకు మీ నంబరుకు ఒక ఓటీపీ వచ్చింది. అది ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది.

"నేనెందుకు చెప్తా?" అంది భ్రమరాంబ.

అని, ఆగిపోయింది. శనివారం తాలింపు వేస్తుంటే ఫోన్ వచ్చింది. 'మేడం, మీ హాస్టల్‌కు పార్సిల్ ఉంది. గేటు దొరకడం లేదు. ఓటీపీ చెబితే పక్కింట్లో ఇచ్చిపోతా' అన్నాడు ఎవడో. తాలింపు మాడిపోతోందన్న తొందరలో ఆమె అంకెలు చదివేసింది. ఏ పనికి వచ్చిన అంకెలో చూడలేదు. నాలుగేళ్ళుగా వచ్చిన ప్రతి అంకెనూ అరిచి చెప్పిన నోరు, ఆ రోజూ తన పని తాను చేసుకుపోయింది. ఆ తర్వాత పక్కింట్లో పార్సిల్ ఏదీ లేదని తెలిసినా ఆమె పట్టించుకోలేదు.

"చెప్పాను" అంది చిన్న గొంతుతో.

ఆటో నడిపే ఆయన అద్దంలోంచి చూశాడు. "ఓటీపీ చెప్పినావా అక్కా? నేను మూడో తరగతి. నేనే చెప్పను."

"నువ్వు రోడ్డు చూడు నాయనా."

అవతలి అమ్మాయి చెప్పినట్టు నాగవేణి పాస్‌వర్డ్ మార్చింది. అన్ని ఫోన్ల నుంచీ ఖాతాను బయటికి తీసింది. చేరని రెండు ఆర్డర్లనూ ఆ అమ్మాయి ఆపించింది, వాటి డబ్బు తిరిగి వస్తుందంది. చేరిపోయిన మూడింటి సంగతి మాత్రం ఏమీ చెప్పలేనంది. "ఓటీపీ మీరే చెప్పారు కదా మేడం. సోమవారమే ఫోన్ చేసి ఉంటే, మొదటిదాన్ని కూడా ఆపగలిగేవాళ్ళం" అంది. సైబర్ మోసాల నంబరు 1930కి కూడా చెప్పమంది. నాగవేణి అదీ చేయించింది. ఈ మొత్తం పనికి ఆటో హాస్టల్ నుంచి బస్టాండు చేరినంత సేపు పట్టింది. భ్రమరాంబ ఐదు రోజులుగా చేయని పని అంతే.

బస్టాండులో కోవెలకుంట్ల బస్సు అప్పుడే కదులుతోంది. భ్రమరాంబ దాని వెంట పడి, తలుపు మీద చరిచి ఆపించి, లోపలికెక్కి ఒక్కొక్క సీటూ చూసింది. కండక్టర్ టికెట్ అడిగితే, "పిల్ల కావాలయ్యా, టికెట్ కాదు" అంది. మద్దిలేటమ్మ అందులో లేదు. దిగేసరికి మోకాళ్ళు మొత్తుకుంటున్నాయి. బస్సు వెళ్ళిపోయిందేమో, ఇంటికి చేరిందేమో, వాళ్ళ నాన్న పుస్తకాలు కట్టేయించాడేమో అనుకుంటూ చుట్టూ చూసింది.

"అదిగో ఆంటీ" అంది నాగవేణి.

నీళ్ళ కుళాయి పక్కన సిమెంటు బల్ల మీద మద్దిలేటమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో లెక్కల పుస్తకం తెరిచి ఉంది. చదవడం లేదు. మూడు బస్సులు వచ్చి పోయినా ఆమె ఎక్కలేదు. భ్రమరాంబను చూడగానే లేచి నిలబడింది, ఇక్కడ కూర్చోవడం కూడా తప్పేమో అన్నట్టు.

"ఇంటికి పోలేదేం?" అంది భ్రమరాంబ. అడగాల్సింది అది కాదు. నోటికి వచ్చింది మాత్రం అదే.

"నాన్నకు ఏం చెప్పాలో తెలియలేదాంటీ. చట్నీ కోసం వెళ్ళగొట్టారంటే ఆయన నమ్మడు."

"ఏం చట్నీ?"

"పల్లీల చట్నీ. మనిషికి ఒక్క గరిటే అని మీరు బోర్డు పెట్టారు కదా. మాబున్ని అక్క గిన్నెలు కడగడానికి లోపలికి పోయినప్పుడు నేను రెండో గరిటె వేసుకున్నాను. పరీక్ష దగ్గరపడ్డాక తెల్లారేసరికి ఆకలేస్తోందాంటీ. ఆకలేస్తే లెక్కలు ఎక్కడం లేదు."

నాగవేణికి నవ్వు తన్నుకొచ్చి, మద్దిలేటమ్మ కళ్ళు చూసి ఆగిపోయింది. భ్రమరాంబ సిమెంటు బల్ల మీద కూలబడింది. జరిగిందంతా చెప్పింది. వాచీ, చెప్పులు, ఓటీపీ, వినని ఊరు, అన్నీ. చెబుతున్నంతసేపూ చీర కొంగు వేలికి చుట్టి విప్పుతూనే ఉంది.

"తప్పు నాది. పద, ఇంటికి పోదాం" అంది చివరికి.

మద్దిలేటమ్మ కదలలేదు. తల ఎత్తింది. ఆ పిల్ల కళ్ళు ఎలా ఉంటాయో రెండేళ్ళలో మొదటిసారి భ్రమరాంబకు తెలిసింది.

"ఆంటీ, మీరు నన్ను దొంగ అన్నది ఇరవై ఒక్క మంది ముందు. కాదని ఇక్కడ చెబుతున్నారు, నాగవేణి ఒక్కతే వింటోంది."

ఆ మాటకు భ్రమరాంబ చీర కొంగు వదిలేసింది. తాను చేసిన తప్పును ఇరవై ఒక్క మంది ముందు ఒప్పుకున్నాక, రేపటి నుంచి తన ముఖ పరీక్షలకు ఎవరు జడుస్తారు? అయినా ఎక్కువసేపు ఆలోచించలేదు. సంచీ తన భుజాన వేసుకుంది.

"మధ్యాహ్నం భోజనాలకు అందరూ వస్తారు. అప్పుడు చెబుతా" అంది.

చెప్పింది. పొద్దున వాళ్ళను నిలబెట్టిన గోడకే తాను ఆనుకుని నిలబడి, దొంగ ఎక్కడో ఉన్నాడని, వాడికి తలుపు తీసింది తానేనని, తెరిచి ఉంచింది కూడా తానేనని చెప్పింది. "మద్దిలేటమ్మ దొంగ కాదు. దొంగ అన్న నాదే తప్పు" అని రెండుసార్లు అంది, వెనక బల్ల వాళ్ళకు వినిపించలేదేమోనని. పిల్లలెవరూ నవ్వలేదు. మాబున్ని వంటింటి గుమ్మంలోంచి విని, చట్నీ బోర్డు తీసి పొయ్యి పక్కన పడేసింది.

మద్దిలేటమ్మ ఆ మధ్యాహ్నం నుంచి మళ్ళీ పుస్తకం పట్టుకుంది. ఆదివారం భ్రమరాంబే వెంట పోయి కర్నూలులో పరీక్ష రాయించి తీసుకొచ్చింది. హాలు బయట వేపచెట్టు కింద మూడు గంటలూ నిలబడే ఉంది. కూర్చోమని ఎవరో కుర్చీ ఇస్తే, కూర్చుంటే కుదురు లేదని వద్దంది.

నెలన్నరకు ఫలితాలు వచ్చాయి. ఎంపిక కావడానికి మద్దిలేటమ్మకు అర మార్కు తగ్గింది.

ఆ అర మార్కు ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. తెలియని లెక్కేదో వచ్చి పోయి ఉండవచ్చు. శుక్రవారం బస్టాండులో తెరిచి పెట్టుకుని చదవలేని పేజీలో పోయి ఉండవచ్చు. మద్దిలేటమ్మ ఒక్క మాట అనలేదు. అని ఉంటే భ్రమరాంబ ప్రాణం కాస్త తెరిపిన పడేది.

మర్నాడు భ్రమరాంబ కోవెలకుంట్ల బస్సెక్కి ఆ పల్లెకు పోయింది. మద్దిలేటమ్మ వాళ్ళ నాన్న పశువుల కొట్టం దగ్గర ఉన్నాడు. ఆయన ముందు నిలబడి, శుక్రవారం జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పింది.

"ఒక పూట నేను పాడు చేశాను. ఇంకో ఏడాది దాన్ని నా దగ్గరే ఉంచండి. తిండీ గదీ నేను చూసుకుంటా" అంది.

ఆయన గడ్డి సర్దుతూనే విన్నాడు. "మీరు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు కదమ్మా" అన్నాడు.

"తెలియదు. అందుకే వచ్చాను."

"అర మార్కంటే ఎంతమ్మా?"

భ్రమరాంబ మోపులోంచి ఒక గడ్డిపోచ తీసి చూపింది. ఆయన గడ్డి మోపు కింద పెట్టి, "సరే, ఏడాది" అన్నాడు.

ఖాతా మీద అనుమానం వచ్చిన రోజే తాళం మార్చి, కంపెనీకి చెప్పి, రుజువు కళ్ళతో చూడాలి. అది చూడకుండా ఎవరి పేరూ ఎత్తకూడదు, ఎందుకంటే పోయిన సొమ్ములో కొంతైనా తిరిగి రావచ్చు గాని, దొంగ కాని మనిషిని దొంగ అన్న పూట తిరిగి రాదు.